ఇస్పేటు ఎనిమిది

మా అపార్ట్‌మెంట్‌లో గురువారం మధ్యాహ్నం పేకాట. మంగళవారం, శుక్రవారం పేక ముట్టుకోం. సోమవారం కొందరికి ఉపవాసం. బుధవారం రెండొందల ఒకటి వాళ్ళింట్లో పనమ్మాయికి సెలవు. శని, ఆదివారాలు పిల్లలూ మొగుళ్ళూ ఇంట్లోనే. అలా వడపోస్తే గురువారం మిగిలింది. పొద్దున్నే బాబా గుడికి వెళ్ళొచ్చేసి, వంటలూ వార్పులూ కానిచ్చి, ఒంటిగంటన్నరకల్లా ఎవరో ఒకరింట్లో చేరతాం. నాలుగున్నరకి స్కూలు బస్సు వచ్చేదాకా ఆట. పదమూడు ముక్కలు, రెండొందల ఒకటి పూల్, మనిషికి వంద రూపాయలు. ఆరుగురం కూర్చుంటే గెలిచినావిడకి ఆరొందలు. అంతకు మించి ఎప్పుడూ పెట్టలేదు, పెట్టం.

పేర్లు రాయను. ఇది మా వాళ్ళంతా చదువుతారు. రాస్తే వచ్చే గురువారం నాకు కుర్చీ ఉండదు. ఫ్లాట్ నంబర్లతో సరిపెట్టుకోండి.

మా ఆట ఎలా ఉంటుందో ముందు చెప్పాలి. మాలో ఎవరైనా షో చేస్తే వెంటనే అనే మాట, "ముక్కలు పడ్డాయండీ, అంతే. నాదేం లేదు." పక్కావిడకి ఫుల్ కౌంట్ పడితే, "అయ్యో, ఎనభై పడిందా! ఇంకో రౌండ్ ఆగాల్సింది నేను." గెలిచిన డబ్బు పర్సులో పెట్టుకోం. ఆ సాయంత్రమే సమోసాలో, మిర్చి బజ్జీలో తెప్పించి అందరికీ పంచేస్తాం. అలా అని ఎవరూ రూలు పెట్టలేదు. పెట్టుకోవడానికి మనసొప్పదు, అంతే. ఓసారి మావారు ఆఫీసు నుంచి తొందరగా వచ్చి, కాసేపు నిలబడి చూసి, "మీది పేకాట కాదే, పేరంటం" అని లోపలికి వెళ్ళిపోయారు. తాంబూలాలు ఒక్కటే తక్కువ, నిజమే.

ఆ పేరంటంలోకి కిందటేడాది నాలుగొందల మూడు వచ్చింది. రిటైరైన లెక్కల టీచరు. ఆవిడ భర్త పోయి నాలుగేళ్ళయింది, అబ్బాయి వేరే రాష్ట్రంలో ఉద్యోగం. లిఫ్టులో కనిపిస్తే నేనే పిలిచాను, "టీచర్ గారూ, పేకాట వచ్చా?" అని. "వచ్చమ్మా" అంది. అంతే అంది. మేమయితే, "ఏదో కొంచెం, మర్చిపోయాను, మీ అంత కాదు" అని మూడు మాటలు కలిపేవాళ్ళం.

మొదటి గురువారమే అర్థమయింది ఆవిడకి ఎంత వచ్చో. ఎవరు ఏ ముక్క ఎత్తారో, ఏది వదిలారో ఆవిడ బుర్రలో రాసుకున్నట్టు ఉంటుంది. మీరు డైమండు ఐదు ఎత్తారా, ఇక నాలుగూ ఆరూ ఆవిడ చేతి నుంచి రాలవు. ముక్కలు బాగోకపోతే మాలాగా ఆశపడి లాగదు, మొదట్లోనే డ్రాప్ అని పాతిక రాయించుకుంటుంది. మధ్యలో కబుర్లు చెప్పదు. షో చేస్తే సారీ చెప్పదు. గెలిస్తే డబ్బు లెక్కపెట్టి, మడిచి, చిన్న గోధుమరంగు పర్సులో పెట్టుకుని జిప్పు వేస్తుంది.

ఆ జిప్పు చప్పుడు మా ఐదుగురికీ గుచ్చుకుంది.

ఆవిడ ఉన్నంతసేపూ ఎవరూ ఏమీ అనరు. ఆవిడ మెట్లెక్కాక మొదలవుతుంది. "పెన్షన్ వస్తుంది కదండీ, ఈ ఆరొందల కోసం అంత కక్కుర్తా?" "అచ్చం మగాడిలా ఆడుతుంది." "నవ్వను కూడా నవ్వదు, చూశారా?" మూడొందల రెండు వాళ్ళాయన కిందటి వినాయక చవితి రాత్రి మండపం దగ్గర అందరినీ ఊడ్చేసి, గెలిచిందంతా జేబులో వేసుకుని పోయాడు. ఆయన్ని మేమంతా ఏమన్నామో నాకు గుర్తుంది. "బుర్రంటే ఆయనదండీ" అన్నాం.

ఇంతవరకూ ఎవరెవరో అన్న మాటలు చెప్పాను. ఇప్పుడు నేనన్నది చెప్పాలి. ఆ రోజు టీచర్ గారు వరసగా రెండు పూల్స్ గెలిచింది. మేం లిఫ్ట్ దగ్గర నిలబడి ఎప్పటిలాగే మొదలుపెట్టాం. నేను అన్నాను, "ఇంట్లో మాట్లాడే మనిషి లేకపోతే అంతేనండీ. గెలవడం ఒక్కటే మిగులుతుంది." అందరూ నవ్వారు. నాకు లోపల కాస్త గర్వంగా కూడా అనిపించింది, మాట బాగా కుదిరిందని.

తర్వాతి గురువారం ఆట మా ఇంట్లో. టీచర్ గారు నాకు పైన కూర్చుంది, అంటే ఆవిడ వదిలిన ముక్క ఎత్తుకునే హక్కు నాది. ఆ ఆటలో నాకు రెండు సీక్వెన్సులు, ఒక సెట్టు కుదిరిపోయాయి. చేతిలో ఇస్పేటు ఆరు, ఒక చెత్త ముక్క మిగిలి ఉండగా, ఆవిడ ఇస్పేటు ఏడు వదిలింది. ఎత్తుకున్నాను. ఇక ఇస్పేటు ఐదో ఎనిమిదో పడితే షో. కానీ పైనున్నది టీచర్ గారు. నేను ఏడు ఎత్తడం చూసింది. ఆవిడ దగ్గర ఉన్నా చచ్చినా వదలదు, కట్టలోంచి రావాల్సిందే అనుకున్నాను.

రెండు రౌండ్లు తిరిగాక ఆవిడ ఇస్పేటు ఎనిమిది వేసింది.

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. ఎత్తాను, షో చేశాను. "నాకు ఫుల్ కౌంట్ రాసుకోండి" అంటూ ఆవిడ ముక్కలన్నీ ఒక్కసారిగా మూసి నా చేతికిచ్చింది. మిగతావాళ్ళ ముఖాలు వెలిగిపోయాయి. "హమ్మయ్య, ఇవాళ టీచర్ గారికీ ఎనభై పడిందండోయ్!" అని రెండొందల ఒకటి చప్పట్లు కొట్టింది. టీచర్ గారు కూడా నవ్వింది. ఆవిడ అలా నవ్వడం అదే మొదటిసారి.

పేక కలపాల్సింది నేను. కలిపే ముందు ఆవిడ ముక్కలు కొసలు విప్పి చూశాను. తప్పే, కానీ చూశాను. సర్దిన వరసలోనే ఉన్నాయి. ఇస్పేటు తొమ్మిది, ఇస్పేటు పది పక్కపక్కనే. ఆ ఎనిమిది వాటితోటిదే. దేనికీ కలవని కళావరు రాణి చేతిలో ఉండగా, అది వదలకుండా, చక్కగా కుదిరిన సీక్వెన్సును విరగ్గొట్టి నాకు వేసింది.

ఆ సాయంత్రం మొత్తం అలాగే ఆడింది. మామూలుగా డ్రాప్ అయ్యే చేతుల్ని లాగి లాగి కౌంట్ తెచ్చుకుంది. "అయ్యో, చూసుకోలేదు" అంది. అందరికంటే ముందు రెండొందలు దాటి, వంద రూపాయలు ఇచ్చేసి, నలుగురికీ టీ పెట్టడానికి నాతో పాటు వంటింట్లోకి వచ్చింది. ఆవిడ వెళ్ళాక మా వాళ్ళు ఏమన్నారో తెలుసా? "ఈ మధ్య ఆవిడ మంచిదైందండీ" అన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. టీచర్ గారి కంటే ఎక్కువగా మా మేనత్త కళ్ళ ముందు తిరిగింది.

మాది పశ్చిమగోదావరి జిల్లా. సంక్రాంతి అంటే కోళ్ళెంతో పేక అంత. భోగి మంట ఆరకముందే వసారాలో చాపలు పడేవి. మగవాళ్ళ ఆట, ఆడవాళ్ళ వంట. అమ్మా, పిన్నులూ, అత్తలూ అరిసెలు వండుతూ, జంతికలు వత్తుతూ, గంటకోసారి కాఫీ గ్లాసులు మోస్తూ ఉండేవాళ్ళు. ఒక్క మా మేనత్త మాత్రం, నాన్నగారి అక్క, చెంగు బొడ్లో దోపుకుని ఆ చాప మీద కూర్చునేది. పదమూడు ముక్కలాటలో ఆవిడని కొట్టేవాళ్ళు లేరు. మగవాళ్ళు ఆవిణ్ణి ఏమీ అనేవాళ్ళు కాదు. "అక్క వచ్చిందిరా, జాగ్రత్త" అని నవ్వుకుని జరిగి చోటిచ్చేవాళ్ళు. అనేదంతా వంటింట్లోనే. "మగరాయుడు." "సిగ్గూ శరం లేదు." "పిల్లలు లేరుగా, ఇంకేం పని!" చిల్లుల గరిటె పట్టుకుని అరిసెలు నొక్కుతూ మా అమ్మ అన్న మాటలు కూడా అందులో ఉన్నాయి.

ఇప్పుడు చూడండి, నేను లిఫ్ట్ దగ్గర అన్నదీ, అప్పుడు వంటింట్లో అన్నదీ ఒకటే మాట. "పిల్లలు లేరుగా" బదులు "మాట్లాడే మనిషి లేకపోతే" అన్నాను. మాట తీరు కాస్త నాజూకు, అంతే తేడా.

ఇంకో సంగతి. మేనత్త పదమూడు ముక్కలే ఆడేది. రాత్రి పదయ్యాక ఎవరో ఒకరు "మూడు ముక్కలాట" అనగానే లేచిపోయేది. "అది ఆట కాదురా, అందులో మనం చేసేదేముంది" అనేది. నాన్నగారు లేచేవారు కాదు. ఒక సంక్రాంతికి ధాన్యం అమ్మిన డబ్బులో పెద్ద భాగం ఆ మూడు ముక్కల్లో పోయింది. తెల్లారి మా అమ్మ నాన్నగారిని పల్లెత్తు మాట అనలేదు. కాఫీ కూడా ఇచ్చింది. మేనత్త స్నానానికి వెళుతుంటే ఎదురెళ్ళి, "ఆడదానివై ఉండి నువ్వే అక్కడ కూర్చుంటే, ఇక వాళ్ళకి అడ్డేముంటుంది?" అంది. మేనత్త ఆ మధ్యాహ్నమే బస్సెక్కింది. తర్వాత సంక్రాంతులకి వచ్చింది కానీ చాప మీద మళ్ళీ కూర్చోలేదు. వంటింట్లోనూ ఇమడలేదు. వీధి గుమ్మంలో కూర్చుని పిల్లలకి జడలు వేసేది.

మేనత్త ఆ రెండాటలకీ చూసిన తేడా ఊసుపోని మాట కాదని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. 1967లో సుప్రీంకోర్టు, మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే, సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద వచ్చిన కేసులో, రమ్మీ మూడు ముక్కలాట లాంటిది కాదని చెప్పింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తేల్చుకోవాలి, కాబట్టి అందులో నేర్పుదే పైచేయి అంది. మా మేనత్త కోర్టు తీర్పు చదవలేదు. చాప మీద కూర్చునే తేల్చుకుంది.

అలా అని పేకని నేను వెనకేసుకు రావడం లేదు. నేర్పున్న ఆట కూడా ఇళ్ళు ముంచుతుంది. ఫోన్లలో రమ్మీ వచ్చాక ఎన్ని కాపురాలు ఏమయ్యాయో మీకూ తెలుసు. అందుకే డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడడాన్ని తెలంగాణలో 2017లో, ఆంధ్రలో 2020లో ఆపారు, 2025లో దేశమంతటికీ చట్టం తెచ్చారు. మా ఒకటో అంతస్తులో ఒకమ్మాయి గురువారం మా గుమ్మం తొక్కదు. ఎందుకో మాకు తెలుసు, ఎవరం అడగం. పేకంటే మంట ఉండడానికి ఆడవాళ్ళకి కారణాలున్నాయి. నేను అడిగేది ఒక్కటే. ఆ మంట పోగొట్టినవాడి మీద పడాలి కదా? పక్కన తన ఆట తను ఆడుకుని లేచిపోయిన ఆడదాని మీద ఎందుకు పడుతుంది?

ఆదివారం మా అమ్మాయి డాలస్ నుంచి ఫోన్ చేస్తే ఇదంతా చెప్పాను. వాళ్ళు స్నేహితులిళ్ళలో పోకర్ ఆడుకుంటారు. అది నవ్వలేదు. "అమ్మా, నేనూ అంతే" అంది. బల్ల దగ్గర తను ఒక్కతే ఆడపిల్ల అయినప్పుడు ఇంకో అమ్మాయి వచ్చి కూర్చుంటే మొదట ప్రాణం లేచొస్తుందట. రెండు నిమిషాలకి ఆ అమ్మాయిని పరీక్షగా చూడడం మొదలవుతుందట. బాగా ఆడితే, "నాకంటే ఎక్కువా?" అని. బాగా ఆడకపోతే, "మన పరువు తీస్తోంది" అని. "మగాడు తప్పు ఆడితే వాడొక్కడే వెధవ అవుతాడమ్మా. అమ్మాయి తప్పు ఆడితే ఆడవాళ్ళకి పోకర్ రాదంటారు. అందుకని నాకే కోపం వస్తుంది" అంది.

అదే చెప్పింది, లాస్ వేగాస్‌లో జరిగే పెద్ద పోకర్ పోటీల్లో 1977 నుంచి ఆడవాళ్ళకి విడిగా ఒక పోటీ పెడుతున్నారట. విడిగా ఉంటే హాయిగా ఆడుకోవచ్చని కొందరు, విడిగా కూర్చోబెట్టడమే తక్కువ చెయ్యడమని కొందరు. మగవాళ్ళతో కలిసి ఆడే అసలు పోటీలో ఆఖరి బల్ల దాకా వెళ్ళిన మొదటి ఆవిడ బార్బరా ఎన్‌రైట్. 1995లో ఐదో స్థానంలో నిలిచింది. మన దేశంలో కూడా ముస్కాన్ సేఠీ అనే అమ్మాయికి 2018లో పోకర్‌కి గాను రాష్ట్రపతి చేతుల మీదుగా సన్మానం జరిగింది. ఇవన్నీ విన్నాక నాకు ఆవిళ్ళ పతకాల కంటే, వాళ్ళ పిన్నులూ వదినలూ ఇంట్లో ఏమనుకుని ఉంటారా అన్నదే ఎక్కువ ఆలోచనగా ఉంది. నా బుద్ధి అంతే.

సోమవారం అమ్మకి ఫోన్ చేశాను. అమ్మకిప్పుడు ఎనభై దాటాయి. మేనత్త పోయి పన్నెండేళ్ళు. "అప్పుడు అత్తయ్యని ఎందుకలా అన్నావమ్మా?" అని అడిగాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను. "మీ నాన్నని అనే ధైర్యం లేక" అంది. తర్వాత కాసేపాగి, "ఆవిడ బాగా ఆడేదే. చూడముచ్చటగా ఆడేది. నాకూ నేర్పమని అడగాల్సింది" అంది.

ఫోన్ పెట్టేసి, చీర మార్చుకుని, నాలుగో అంతస్తుకి వెళ్ళాను. ఉత్త చేతులతో వెళ్ళలేక గిన్నెలో కాసిని పులిహోర పట్టుకెళ్ళాను. మనకి క్షమాపణ కూడా గిన్నె చాటునే వస్తుంది.

టీచర్ గారు తలుపు తీసింది. టీవీ లేదు, రేడియో లేదు, ఇల్లంతా నిశ్శబ్దం. బల్ల మీద పేక పరిచి ఉంది. ఒక్కతే ఆడుకుంటోంది.

"ఇస్పేటు ఎనిమిది ఎందుకు వేశారండీ?" అన్నాను. కూర్చోకుండానే అడిగేశాను. కూర్చుంటే అడగలేనని తెలుసు.

ఆవిడ గిన్నె అందుకుని వంటింట్లో పెట్టి వచ్చింది. "చూశావా? లెక్కల పిల్లలే కాపీ కొట్టడం రాక దొరికిపోతారు. నాకూ రాలేదు" అంది. తర్వాత మామూలు గొంతుతోనే చెప్పింది. "లిఫ్ట్ దగ్గర మాట్లాడితే మెట్ల మీదకి వినపడుతుందమ్మా. నువ్వన్నది తప్పేం కాదు. ఇంట్లో మాట్లాడే మనిషి లేదు, నిజమే. అందుకే కదా కిందకి వచ్చేది. గెలిస్తే మీరు నన్ను ఉంచుకోరని అర్థమయింది. ముప్ఫై ఏళ్ళు స్టాఫ్ రూములో కూర్చున్నదాన్ని, ఆ మాత్రం తెలీదా? ఓడితే ఆట పోతుంది, గెలిస్తే మనుషులు పోతారు. మనుషులే కావాలనుకున్నాను."

నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆవిడే నన్ను ఓదార్చాల్సి వస్తుందని ఆపుకున్నాను. "ఆ మాట నాదేనండీ. తప్పయింది" అన్నాను. ఆవిడ "పర్లేదమ్మా" అనలేదు. "ఆ మాట బాధ పెట్టింది" అంది. అది వినాల్సిందే నేను. విన్నాను. తర్వాత ఇద్దరం పులిహోర తిన్నాం. నేను రాణుల్ని అనవసరంగా పట్టుకు కూర్చుంటానని, అందుకే కౌంట్ పడుతుందని చెప్పింది.

గురువారం ఆట మూడొందల రెండులో. టీచర్ గారు ఇంకా రాలేదు. వాళ్ళ ముందు జరిగింది చెప్పేశాను, లిఫ్టు మాటతో సహా, ఆ మాట నాది అని ముందుగా చెప్పి. రెండొందల ఒకటి తల దించుకుంది. మూడొందల రెండుకి మాత్రం కోపం వచ్చింది. "సరదాగా అన్నవి కూడా ఇలా పంచాయితీ పెడితే ఎలాగండీ" అంది. ఆవిడ ఇప్పటికీ నాతో కాస్త ముభావంగానే ఉంది. ఉండనీ. అందరూ మారిపోయారని రాస్తే అబద్ధమవుతుంది. అప్పటినుంచి లిఫ్ట్ దగ్గర నిలబడడం మాత్రం తగ్గింది.

టీచర్ గారు వచ్చింది, కూర్చుంది. పైన ఆవిడ, కింద నేను. నేను ఆటీను నాలుగు ఎత్తాను. అంతే, ఆ తర్వాత ఆవిడ చేతి నుంచి ఆటీను మూడు గానీ ఐదు గానీ రాలేదు. మూడో ఆటకి నాకు ఫుల్ కౌంట్ పడింది. ఎనభై. "అయ్యో" అని ఎవరో అనబోయారు. టీచర్ గారు అనలేదు. "రాణులు పట్టుకోవద్దని చెప్పానా?" అంది, అంతే.

ఆరొందలు లెక్కపెట్టుకుని, మడిచి, పర్సులో పెట్టుకుని జిప్పు వేసింది.

మరుసటి వారం నేను గెలిచాను, ఆర్నెల్ల తర్వాత మొదటిసారి. చెయ్యి అలవాటుగా ఫోన్ మీదకి వెళ్ళింది, సమోసాలు చెప్పడానికి. ఆగాను. "ముక్కలు పడ్డాయండీ" అన్న మాట నోటి దాకా వచ్చింది. దాన్నీ ఆపాను. డబ్బు పర్సులో పెట్టుకుని ఇంటికొచ్చి, అందులో మూడొందలు పెట్టి, వచ్చే సంక్రాంతికి అమ్మ దగ్గరికి తీసుకెళ్ళడానికి రెండు కొత్త పేక కట్టలు కొన్నాను. కళ్ళు సరిగ్గా ఆనవు కాబట్టి, అంకెలు పెద్దగా ఉన్నవి.